హీటర్ రాడ్డు మీద ముద్ర: అమ్మకం దాకా ఉన్న చట్టం, అమ్మాక ఎక్కడుంది?

రెండేళ్ల కిందట డిసెంబరులో అశోక్‌నగర్‌లో నేనున్న గదికి గీజరు లేదు. ప్రిపరేషన్‌లో ఉన్న చాలామందిలాగే నేనూ హీటర్ రాడ్డు కొనడానికి వెళ్లాను. షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి ఏడొందలు, ఇంకొకటి రెండొందల ఎనభై. ఏది కొన్నానో మీకు చెప్పక్కర్లేదు. డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తు ఉంది కదా అని ధైర్యం.

నాలుగో రోజు నీళ్లు కాగాయో లేదో చూద్దామని, స్విచ్ ఆపకుండానే బకెట్‌లో వేలు పెట్టాను. మోచేతి దాకా జివ్వుమంది. స్విచ్ ఆపకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ తర్వాత డబ్బా తీసి చూస్తే గుర్తు కింద ఉన్న లైసెన్సు నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కనిపించలేదు. అలాంటి లైసెన్సే లేదు. షాపతన్ని అడిగితే, "అందరూ అదే తీసుకుంటున్నారు తమ్ముడూ, నీకొక్కడికే వచ్చిందా?" అన్నాడు.

నాకేమీ కాలేదు కాబట్టి ఈ రోజు మీకు ఇది రాస్తున్నాను. ఆ వారం నేను చదువుతున్నది బీఐఎస్ చట్టం. నోట్సులో సెక్షన్లు అన్నీ ఉన్నాయి, బకెట్‌లో కరెంటూ ఉంది. ఆ రెండింటి మధ్య దూరం ఎందుకుందన్నదే ఈ వ్యాసం. జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో నియంత్రణ సంస్థలకు, మూడో పేపర్‌లో పరిశ్రమలు, వాణిజ్యానికి, గ్రూప్-1 వ్యాసాలకు కూడా ఈ అంశం పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో వాడే విద్యుత్ ఉపకరణాలకు తప్పనిసరి ధ్రువీకరణ ఉండాల్సిందే, దాన్ని సడలించకూడదు. అయితే మన వ్యవస్థ తన శక్తినంతా వస్తువు అమ్ముడయ్యే దాకానే ఖర్చు పెడుతోంది. ప్రాణం పోయేది అమ్ముడయ్యాక. ఆ రెండో సగాన్ని నిర్మించకపోతే ముద్ర మీద జనానికున్న నమ్మకమే ప్రమాదంగా మారుతుంది.

ముద్ర ఎందుకు కావాలి?

వంకాయలు కొనేటప్పుడు నొక్కి చూస్తాం. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం. ఇస్త్రీపెట్టె కొనేటప్పుడు ఏం చూస్తాం? రంగు, బరువు, ధర. లోపల వైరు చుట్టూ ఉన్న ఇన్సులేషన్ మందం, ఎర్త్ వైరు లోహపు భాగానికి నిజంగా కలిసిందో లేదో మన కంటికి కనిపించవు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియని ఈ పరిస్థితినే అర్థశాస్త్రంలో సమాచార అసమానత అంటారు. కొనేవాడు చూడలేనిదాన్ని అతని తరఫున ప్రభుత్వం చూసి, చూశానని చెప్పే మాటే ముద్ర.

చూసేదేమిటో కూడా తెలుసుకోండి. గృహోపకరణాల భద్రతకు మన ప్రమాణం ఐఎస్ 302. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60335ను అనుసరించి తయారైంది. మొదటి భాగంలో అన్ని ఉపకరణాలకూ వర్తించే సాధారణ నియమాలు, రెండో భాగంలో ఒక్కో ఉపకరణానికి ఒక్కో సెక్షన్ ఉంటాయి. ఇస్త్రీపెట్టెకు సెక్షన్ 3, నిల్వ గీజరుకు సెక్షన్ 21, మన హీటర్ రాడ్డుకు సెక్షన్ 201. ఎర్త్ పిన్ను ఉండి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లే ఉపకరణంలో లీకేజీ కరెంటు 0.75 మిల్లీ ఆంపియర్లు దాటకూడదన్నది ఇలాంటి నియమాల్లో ఒకటి. మనిషికి దాదాపు 1 మిల్లీ ఆంపియరు దగ్గర జిల్లుమనడం తెలుస్తుంది. 10 దాటితే కండరాలు పట్టేసి, పట్టుకున్నది వదల్లేని స్థితి వస్తుంది. ఇంకొన్ని రెట్లు పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం. ప్రమాణంలోని ఆ చిన్న అంకె వెనక ఉన్న లెక్క ఇది.

చట్టం ఏం చెబుతోంది?

1947లో భారతీయ ప్రమాణాల సంస్థ ఏర్పడింది. ఐఎస్‌ఐ అనే పేరు అప్పటిదే. 1987లో దాని స్థానంలో బీఐఎస్ వచ్చింది, గుర్తు మాత్రం పాత పేరుతోనే నిలిచింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2016 నాటి బీఐఎస్ చట్టం. 2017 అక్టోబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ చట్టంలో మూడు సెక్షన్లు గుర్తుపెట్టుకుంటే చాలు. సెక్షన్ 16 ప్రకారం ప్రజా ప్రయోజనం, మనుషుల ఆరోగ్యం, పర్యావరణ భద్రత, దేశ భద్రత, మోసపు వ్యాపారాన్ని అరికట్టడం వంటి కారణాలతో కేంద్రం ఒక వస్తువుకు ముద్రను తప్పనిసరి చేయవచ్చు. అలా చేసే ఉత్తర్వునే క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్, పొట్టిగా క్యూసీఓ అంటాం. సెక్షన్ 17 ప్రకారం ఆ వస్తువును ముద్ర లేకుండా తయారుచేయడమే కాదు, దిగుమతి చేయడం, అమ్మడం, అద్దెకివ్వడం, అమ్మకానికి నిల్వ ఉంచడం కూడా నేరమే. సెక్షన్ 29 శిక్షలు చెబుతుంది. 2016 చట్టం ప్రకారం సెక్షన్ 17ను ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా మొదటిసారి 2 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, మళ్లీ చేస్తే 5 లక్షలకు తగ్గని జరిమానా. అది సరుకు విలువకు పది రెట్ల దాకా పెరగవచ్చు.

విద్యుత్ ఉపకరణాల విషయంలో ఇది కొత్తేమీ కాదు. వైర్లు, స్విచ్‌లు, ఇస్త్రీపెట్టెలు, గీజర్లు, హీటర్ రాడ్లకు 2003 నాటి ఆదేశంతోనే ముద్ర తప్పనిసరైంది. సీలింగ్ ఫ్యాన్లకు 2023లో వేరే ఆదేశం వచ్చింది. ప్రత్యేక ఆదేశం లేని మిగతా గృహ, వాణిజ్య ఉపకరణాలను కూడా ఒకే గొడుగు కిందికి తేవడానికి 2025లో విస్తృత ఆదేశం జారీ అయింది. అంటే నా బకెట్‌లో పడ్డ ఆ రాడ్డు ఇరవై ఏళ్లుగా చట్టం పరిధిలో ఉన్న వస్తువే. కాగితం మీద అది ఆ షాపులో ఉండనే కూడదు.

మూడు గుర్తులను కలిపేయకండి

ప్రిలిమ్స్‌లో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఐఎస్‌ఐ గుర్తు భద్రతకు, నాణ్యతకు సంబంధించినది. ఫ్యాక్టరీ తనిఖీ, శాంపిల్ పరీక్ష తర్వాత లైసెన్సు ఇస్తారు. గుర్తు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. రెండోది రిజిస్ట్రేషన్ గుర్తు. మొబైల్ అడాప్టర్లు, పవర్ బ్యాంకులు, ఎల్‌ఈడీ బల్బులు, టీవీల వంటి ఎలక్ట్రానిక్ వస్తువులకు 2012 నాటి ఆదేశంతో మొదలైంది. ఇక్కడ గుర్తింపు పొందిన ల్యాబ్ రిపోర్టు ఆధారంగా తయారీదారే స్వయంగా ప్రకటన ఇస్తాడు, దానికి ఆర్‌తో మొదలయ్యే నంబరు వస్తుంది. మూడోది నక్షత్రాల లేబుల్. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బీఈఈ దాన్ని ఇస్తుంది. అయిదు నక్షత్రాలంటే కరెంటు బిల్లు తగ్గుతుందని అర్థం, షాక్ కొట్టదని కాదు.

చదువుకున్నవాళ్లమే తికమకపడే ఈ గుర్తులను నిజామాబాద్ సంతలోనో, కర్నూలు బస్టాండు పక్కనో కొనే మనిషి ఎలా పోల్చుకుంటాడు? వినియోగదారుల అవగాహన అనే మాటతో జవాబు ముగించే ముందు ఈ ప్రశ్న ఒకసారి వేసుకోండి.

ఆదేశాలు మరీ ఎక్కువయ్యాయా?

ఇప్పుడు రెండో వైపు వాదన చూద్దాం. గత కొన్నేళ్లలో క్యూసీఓల పరిధి 700కు పైగా ఉత్పత్తులకు విస్తరించింది. వీటిలో కొన్ని భద్రత కోసం కాక, దిగుమతులను అడ్డుకోవడానికి వాడుతున్నారన్న విమర్శ ఉంది. విదేశీ ఫ్యాక్టరీకి లైసెన్సు ఆలస్యమైతే ఇక్కడి చిన్న పరిశ్రమకు ముడిసరుకు అందదు, లేదా ఒకరిద్దరు పెద్ద దేశీయ తయారీదార్లు చెప్పిన ధరకే కొనాలి. ఈ విమర్శలో నిజముంది. అందుకే 2025 నవంబరులో పాలిస్టర్ నూలు, ప్లాస్టిక్ తయారీ ముడిపదార్థాల వంటి వాటికి సంబంధించిన 14 ఆదేశాలను కేంద్రం ఉపసంహరించింది.

ఆ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. అయితే అదే ఊపులో 'క్యూసీఓలన్నీ లైసెన్స్ రాజ్' అనే నినాదం బయల్దేరితే మాత్రం ఒప్పుకోను. నూలు కండె నాణ్యత తక్కువైతే మిల్లు యజమాని పరీక్షించుకోగలడు, నష్టమొస్తే సరఫరాదారును మారుస్తాడు. గీజరు లోపల ఎర్త్ కలవకపోతే స్నానానికి వెళ్లిన మనిషికి రెండో అవకాశం ఉండదు. ప్రపంచ వాణిజ్య సంస్థ సాంకేతిక అవరోధాల ఒప్పందంలోని 2.2 అధికరణ కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. మనుషుల ఆరోగ్యం, భద్రతను కాపాడటం సమంజసమైన లక్ష్యమే అంటుంది, కాకపోతే అవసరానికి మించి వాణిజ్యాన్ని అడ్డుకోవద్దంటుంది. కాబట్టి గీత ఎక్కడ గీయాలో స్పష్టమే. ఫ్యాక్టరీకి వెళ్లే ముడిసరుకు విషయంలో ఉదారంగా ఉండొచ్చు, ఇంట్లో మనిషి చెయ్యి తగిలే వస్తువు విషయంలో ఉండకూడదు.

అమ్మాక ఏం జరుగుతోంది?

ఎన్‌సీఆర్‌బీ ప్రమాద మరణాల నివేదికల ప్రకారం ఇటీవలి సంవత్సరాల్లో కరెంటు షాక్‌తో దేశంలో ఏటా 12 వేల మందికి పైగా చనిపోతున్నారు. ఇందులో పొలం దగ్గర మోటార్లు, తెగిపడ్డ లైన్లు, ఇళ్లు అన్నీ కలిసే ఉన్నాయి. ఇక్కడే అసలు చిక్కు. ఎంతమంది ఇంట్లో చనిపోయారు? అందులో ఎందరు కూలరు వల్ల, ఎందరు గీజరు వల్ల? ఆ ఉపకరణానికి ముద్ర ఉందా, ఉంటే అది నిజమైనదేనా? ఈ ప్రశ్నలకు ఆ పట్టికలో కాలమ్ లేదు. ఏ వస్తువు చంపుతోందో లెక్క లేనప్పుడు, ఏ వస్తువు మీద ముందు దృష్టి పెట్టాలో ఎలా తెలుస్తుంది?

అధికారాలు లేక కాదు. తప్పు తేలిన సరుకును లైసెన్సుదారు మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలని బీఐఎస్ చట్టమే చెబుతోంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 20 కింద ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. అదే చట్టంలో ఉత్పత్తి లోపానికి తయారీదారు, అమ్మకందారు బాధ్యత వహించే అధ్యాయమూ ఉంది. 2021 డిసెంబరులో ఈ సంస్థ ఇచ్చిన భద్రతా హెచ్చరికలో హీటర్ రాడ్ల పేరు కూడా ఉంది. 2025 మార్చిలో ఢిల్లీలోని ఒక పెద్ద ఈ-కామర్స్ గోదాములో బీఐఎస్ సోదా చేస్తే సరైన ముద్ర లేని గీజర్లు, మిక్సీల వంటివి 3,500కు పైగా దొరికాయి.

సోదా మంచిదే. కానీ ఆలోచించండి. అప్పటికే అలాంటి వస్తువులు కొని ఇంటికి తీసుకెళ్లినవాళ్ల సంగతేమిటి? గోదాములో దొరికిన గీజరు పట్టుబడింది, గోడకు బిగించిన గీజరు అలాగే ఉంది. వెనక్కి రప్పించడమంటే కొన్నవాడి ఇంటి తలుపు తట్టడం. ఆన్‌లైన్‌లో కొన్న ప్రతివాడి ఫోన్ నంబరూ అమ్మినవాళ్ల దగ్గర ఉంటుంది. ఆఫర్ ఉందని చెప్పడానికి వాడే ఆ నంబరును 'ఈ గీజరు వాడొద్దు' అని చెప్పడానికి ఎందుకు వాడకూడదు?

రేకుల కూలరు దగ్గర అసలు పరీక్ష

మన రెండు రాష్ట్రాల్లో వేసవి రాగానే పేపర్లో కూలరు షాక్ వార్తలు మొదలవుతాయి. కూలరులో నీళ్లు పోస్తూ తల్లి, ఆడుకుంటూ వెళ్లి పట్టుకుని పిల్లాడు. ఇనుప రేకు డబ్బా, గడ్డి పరదాలు, నీళ్ల పంపు, ఒక మోటారు. ఊళ్లోనే వెల్డింగ్ షెడ్డులో తయారవుతుంది. నీళ్లు, లోహం, కరెంటు ఒకేచోట ఉన్న వస్తువు ఇది. చాలా ఇళ్లలో ఎర్తింగే ఉండదు, ఉన్నచోట రెండు పిన్నుల ప్లగ్గు పెట్టి దాన్నీ వృథా చేస్తారు.

ఇక్కడ ఆదేశం నేరుగా పనిచేయదు. ఆ షెడ్డు యజమానికి నలుగురు పనివాళ్లు, మూడు నెలల సీజను. సొంత పరీక్షా పరికరాలు, లైసెన్సు ఫీజులు, ఫైళ్లు అంటే అతను షెడ్డు మూసేస్తాడు, లేదా చట్టం కంట పడకుండా తయారుచేస్తాడు. రెండోదే ఎక్కువ జరుగుతుంది. ఇటీవలి క్యూసీఓల్లో చిన్న సంస్థలకు 3 నెలలు, సూక్ష్మ సంస్థలకు 6 నెలలు అదనపు గడువు ఇస్తున్నారు. గడువు ఇచ్చినంత మాత్రాన షెడ్డులో మెగ్గర్ మొలవదు.

అందుకని షెడ్డును వదిలేయాలా? వదిలేస్తే చనిపోయేది కంపెనీ కూలరు కొనలేని ఇంటివాళ్లే. సౌభాగ్య పథకం కింద 2.8 కోట్లకు పైగా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చామని గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఇళ్లలోకి వెళ్లే మొదటి ఉపకరణం చవకదే అవుతుంది. ఇంకో విషయం చూడండి. ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లు మించని లీకేజీకే కరెంటును తెంచేసే పరికరం ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి నిబంధనల్లో రాసింది. కానీ ఒక పరిమితికి లోపు లోడున్న చిన్న కనెక్షన్లను అందులోంచి మినహాయించారు. ఖర్చు తగ్గించాలన్నది ఉద్దేశం కావచ్చు. ఫలితం మాత్రం తిరగబడింది. ఎవరి ఇంట్లో ఉపకరణం నమ్మదగ్గది కాదో, వాళ్ల ఇంట్లోనే రెండో రక్షణ కూడా లేదు.

పొరుగువాళ్లతో కలిసి

ఇది మన ఒక్కరి సమస్య కాదు. నేపాల్, భూటాన్ దుకాణాల్లో మన ఉపకరణాలు మామూలే. ఇక్కడ జారిపోయిన నాసిరకం అక్కడి ఇంట్లో తేలుతుంది. సార్క్ దేశాల ప్రమాణాలను దగ్గర చేయడానికి ఢాకాలో దక్షిణాసియా ప్రాంతీయ ప్రమాణాల సంస్థ, సార్సో ఉంది. సార్క్ రాజకీయాలు స్తంభించినా, ప్రమాదకరమైన వస్తువు సమాచారాన్ని పంచుకోవడానికి శిఖరాగ్ర సమావేశం అక్కర్లేదు. శ్రీలంక రకరకాల ప్లగ్గుల గందరగోళాన్ని చూసి 13 ఆంపియర్ల చదరపు పిన్నుల ప్లగ్గును ఏకైక జాతీయ ప్రమాణంగా ఎంచుకుంది. మన దగ్గర ప్రమాణం ఉన్నా, ఏ ప్లగ్గయినా దూరిపోయే ఎక్స్‌టెన్షన్ బాక్సులు ప్రతి గదిలోనూ ఉన్నాయి. మీ టేబుల్ కింద ఒకసారి చూసుకోండి.

ఏం చేయాలి?

మొదటిది, లెక్క. విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 161 కింద ప్రమాదాలను విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేసే పద్ధతి ఇప్పటికే ఉంది. ఇళ్లలో జరిగే ప్రతి మరణాన్నీ అందులోకి తెచ్చి, ఉపకరణం ఏది, ముద్ర ఉందా, లైసెన్సు నంబరు ఎంత అనే మూడు కాలమ్‌లు చేర్చి, ఆ సమాచారం బీఐఎస్‌కు, వినియోగదారుల ప్రాధికార సంస్థకు చేరేలా చేయాలి. కొత్త సంస్థ అక్కర్లేదు, కొత్త ఫారం చాలు.

రెండోది, సీజను ముందు కొనుగోళ్లు. అక్టోబరులో హీటర్లు, ఫిబ్రవరిలో కూలర్లు మామూలు కొనుగోలుదారులా షాపుల్లో కొని పరీక్షించి, ఫలితాలను తెలుగులో, హిందీలో, అన్ని భాషల్లో ప్రకటించాలి. ఇన్‌స్పెక్టర్ రాజ్ వస్తుందన్న భయానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇన్‌స్పెక్టరు షెడ్డు గుమ్మంలో నిలబడడు, డబ్బులిచ్చి సరుకు కొంటాడు.

మూడోది, షెడ్డుకు చేయూత. జిల్లా ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో ఇన్సులేషన్, ఎర్త్, లీకేజీ పరీక్షలు నామమాత్రపు రుసుముతో చేయించాలి. లోహపు డబ్బాకు ఎర్త్, మూడు పిన్నుల ప్లగ్గు, నీటికి దూరంగా వైరింగ్ అనే మూడు కనీస షరతులతో మొదలుపెట్టి, క్రమంగా పూర్తి ప్రమాణానికి తీసుకెళ్లాలి.

నాలుగోది, చిన్న కనెక్షన్లకు లీకేజీ రక్షణ పరికరాన్ని ప్రభుత్వ ఖర్చుతో బిగించడం. మీటరు ఉచితంగా ఇచ్చిన ప్రభుత్వం దాని పక్కన ప్రాణం కాపాడే పెట్టె కూడా ఇవ్వగలదు.

మీ జవాబు కోసం

ఈ అంశం మీద ప్రశ్న వస్తే క్యూసీఓ అనుకూలం, ప్రతికూలం అని రెండు జాబితాలు రాసి ఆపేయకండి. ముడిసరుకుకూ ఇంటి వస్తువుకూ తేడా చూపండి. అమ్మకానికి ముందు నియంత్రణ, అమ్మాక నిఘా అని రెండు దశలుగా విడదీయండి. జీవించే హక్కు 21వ అధికరణలో ఉందని ఒక వాక్యం రాయండి, కానీ అది స్నానాల గది దాకా ఎలా వెళ్తుందో రెండు వాక్యాలు రాయండి. మార్కులు అక్కడ వస్తాయి.

సాధన ప్రశ్న: "తప్పనిసరి ధ్రువీకరణ వినియోగదారుల భద్రతకు అవసరమే, కానీ సరిపోదు." గృహ విద్యుత్ ఉపకరణాల ఉదాహరణతో చర్చించండి. (15 మార్కులు, 250 పదాలు)

ఇక ఆ రాడ్డు సంగతి. షాపతను వెనక్కి తీసుకోలేదు. చెత్తబుట్టలో వేస్తే ఎవరో ఏరుకుని మళ్లీ వాడతారని భయమేసింది. అందుకే వైరును నాలుగు ముక్కలుగా కోసి, ప్లగ్గు పగలగొట్టి పారేశాను. వెనక్కి రప్పించే వ్యవస్థ లేనిచోట నేను చేయగలిగింది అంతే. రేపు మీలో ఎవరైనా కలెక్టరో, వినియోగదారుల వ్యవహారాల శాఖలో అధికారో అయితే ఇంతకన్నా ఎక్కువ చేయగలరు. ఈలోగా ఈ రాత్రి మీ గదిలో ఉన్న రాడ్డు తీసి, దాని మీద ఉన్న నంబరు యాప్‌లో ఒకసారి కొట్టి చూడండి. స్విచ్ ఆపాకే.